ఒడి లెక్క

చైత్రం ఎండకు బడి రేకులు టిక్కుటిక్కుమంటున్నయి.
వరండాల నలభై మందిమి,
ఒక రిజిస్టరు, ఒక పెన్ను.
పెన్ను నాది. పదో తరగతి దాక చదివిన పాపానికి
గ్రామసభ రాతకోతలన్నీ నా మెడకే.
సిరొంచ పక్క ఊరు మాది:
మాట్లాడేది తెలుగు, కోపమొస్తే మాడియా,
రాసేది మరాఠీ.

ముచ్చట ఒక్కటే, మొర్రి పండ్లు.
నల్లబడేదాక ఎవలూ చెట్టు ముట్టొద్దు.
కొమ్మ నరకొద్దు.
చిటారున ఉన్నయి పిట్టలకు, రాలినయి ఎలుగుకు.
ఇక్కడిదాక అందరం తలలూపినం.

"మనం ఆగితే వాగవతలోళ్లు ఆగుతరా?"
వెలది చిన్నన్న లేచిండు.
"సేటు పచ్చికాయకే పైసలిస్తుండు.
మనం నలుపు కోసం కూసుంటే
మనకు మిగిలేది ఆకులే."
ఆ మాటకు జవాబు ఎవల దగ్గరా లేదు.
నా దగ్గరా లేదు.
అందుకే అది రిజిస్టర్ల ఎక్కలేదు.

"మనిషికి ఎన్ని కిలోలు? అంకె కావాలె"
అన్నడు ఫారెస్టు గార్డు మేశ్రాం సారు.
మాసు ముసలి తల ఎత్తకుంటనే అన్నది:
"ఒడి నిండా."

ఎవలి ఒడి?
సోమిబాయిది తొమ్మిది గజాల చీర,
ఒడి కట్టిందంటే మేకపిల్ల పడుతది.
కమల నెలలు నిండిన మనిషి,
ఆమె ఒడిల ఇప్పటికే ఒకలున్నరు.
మగోళ్లకు ఒడి ఏది? లుంగీ అన్నరెవలో.
గంటసేపు కొట్లాడి, నవ్వి, మళ్ల కొట్లాడి
తలండోళ్ల జంగుబాయిని నిలబెట్టినం.
తొమ్మిదేండ్ల పిల్ల, ఊర్లె అందరికన్న చిన్న ఒడి.
మొర్రి ఇంకా పండలే. ఇప్పపూలు పోసి తూచినం.
కిలో మీద పావు.
"పువ్వు బరువూ పండు బరువూ ఒకటి గాదు" అన్నడు సారు.
"అయితే నువ్వే పండిచ్చుకొని రా" అన్నది ముసలి.

నేను రాసిన: మనిషికి, పొద్దుకు, ఒక ఓటీ.
మరాఠీల ఒడిని ఓటీ అంటరు,
ఆడబిడ్డకు బియ్యం, కొబ్బరికాయ పోసి దీవిస్తరు.
మన మాటల ఓటి అంటే
నీళ్లు నిలువని కుండ.
రాసినంక కొంచెంసేపు
ఆ అక్షరాలనే చూస్తూ కూసున్న.

ఎనిమిదో రోజు పొద్దుగాల
గుట్ట కింద వయసు మొర్రి చెట్టు
మోకాలెత్తుల తెగి ఉన్నది.
పచ్చికాయలు దూసుకపోయిన్రు,
ఆకులింకా వాడలే.
అందరు అడుగుల కోసం నేలను చూసిన్రు.
నేను కోతను చూసిన.
వాటు ఎడమ నుంచి దిగింది.
మా ఊర్లె ఎడమచేతి గొడ్డలి ఒక్కటే,
అది మా ఇంటి చూరుల చెక్కి ఉంటది.

ఆ రాత్రి అన్నం ముందర కూసొని
"పిల్లకు నోటుబుక్కులు" అన్నడు.
అంతే.
నేను చారు పోసిన.

మళ్ల సభ. మళ్ల నా పెన్నే.
పేరు: సిడాం బక్కయ్య.
ఇంటి నెంబరు వెతికే పని లేకపోయింది.
చిన్నన్న నా దిక్కు చూడలేదు, అది ఆయన మంచితనం.
జుర్మానా ఐదు వందలనబోతుంటే
"పైసలొద్దు" అన్నది మాసు ముసలి,
"పైసలు కడితే చెట్టు కొనుక్కున్నట్టైతది.
మొద్దు ఇగురు పెట్టేదాక
మేకలు ముట్టకుంట కూసోమను."

ఇప్పుడు రోహిణి కార్తె.
పొద్దుగూకే యాళ్లకు సద్ది తీసుకపోతున్న.
గొడ్డలి లేని చేతులను ఏం చెయ్యాల్నో తెల్వక
ఒకదాంట్ల ఒకటి పెట్టుకుంటడు.
నిన్న నన్ను పిలిచి చూపెట్టిండు:
మొద్దు అంచున మూడు ఇగుర్లు,
ఎలుక చెవులంత.
వాటికి నీడ పడకుంట
ఇద్దరం పక్కకు జరిగినం.

అప్పుడే వాగవతల
గొడ్డలి చప్పుడు.
ఆగి, మళ్ల.
కుడిచేతిదో ఎడమచేతిదో
ఇంత దూరం నుంచి తెల్వది.